మార్కెట్ కోరుకున్న మొనగాళ్లు

నిరంకుశ నాయకులు ఎక్కడి నుంచి పుట్టుకొస్తున్నారని అడిగితే మన పత్రికల్లోనూ టీవీ చర్చల్లోనూ ఒకే రకమైన జవాబు వినిపిస్తున్నది. జనం విసిగిపోయారని, పాత పార్టీలు పరువు పోగొట్టుకున్నాయని, ఫోన్లలో తిరిగే అబద్ధాలు బుర్రలు పాడు చేశాయని, మతం పేరిట, వలసదారుల పేరిట రెచ్చగొట్టినవారికే ఓట్లు రాలుతున్నాయని విశ్లేషకులు చెబుతున్నారు. వీటిలో ఏ ఒక్కటీ అబద్ధమని నేననను. అయితే ఈ వివరణలన్నీ నాయకుడి సభకు వచ్చిన జనాన్ని తప్పుబడుతున్నాయే తప్ప, ఆ సభకు ఖర్చు పెట్టినవారి జోలికి పోవడం లేదు. గత యాభై ఏళ్ల చరిత్రను వరుసగా చూస్తే నాకు తేలింది వేరు. ప్రభుత్వ ఖర్చును, పాత్రను తగ్గించి అన్నింటినీ మార్కెట్‌కు వదిలే నయా ఉదారవాదం విఫలమైన చోట దానికి విరుగుడుగా ఈ నాయకులు పుట్టారన్న మాట తలకిందులైనది. ఆ విధానం అమలు కావడానికే వారి అవసరం పడింది. ప్రజలు మనస్ఫూర్తిగా ఒప్పుకోని ఆర్థిక విధానాన్ని ప్రజల నెత్తిన పెట్టాలంటే అడ్డు చెప్పగల సంఘాలను, సభలను, కోర్టులను పక్కకు నెట్టగల మొనగాడు ఒకడు కావాలి. అటువంటివాడిని మార్కెట్ వెతికి తెచ్చుకుంటుంది, పెంచి పోషిస్తుంది.

1973 సెప్టెంబరు 11న చిలీలో సాల్వడార్ అయెందే ప్రభుత్వాన్ని సైన్యం కూలదోసిన సంగతి పాఠకులకు తెలిసిందే. చూడవలసింది ఆ తర్వాత జరిగినదాన్ని. షికాగో విశ్వవిద్యాలయంలో చదివి వచ్చిన ఆర్థికవేత్తలు, ఆ తిరుగుబాటుతో గద్దెనెక్కిన జనరల్ పినోచెట్ కొలువులో సలహాదారులుగా, మంత్రులుగా కుదురుకున్నారు. వారి గురువు మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1975 మార్చిలో స్వయంగా శాంటియాగో వెళ్లి పినోచెట్‌ను కలిసి, ప్రభుత్వ ఖర్చును ఒక్క దెబ్బతో కోసేయాలని చెప్పి వచ్చాడు. సంఘాలు నోరెత్తలేని, పార్లమెంటు తలుపులు మూసి ఉన్న దేశంలో ఆ సలహా ఏ ఆటంకమూ లేకుండా అమలైంది. 1979లో తెచ్చిన కార్మిక చట్టం ఏ ఫ్యాక్టరీ కార్మికులు ఆ ఫ్యాక్టరీ యజమానితోనే బేరమాడుకోవాలని, పరిశ్రమ మొత్తం కలిసి అడగకూడదని గీత గీసింది. సమ్మెకు 60 రోజుల గడువు పెట్టింది. గడువు దాటాక కూడా పనిలోకి రాని కార్మికుడు తనంతట తానే రాజీనామా చేసినట్టు లెక్కగట్టమంది. ఈ నిబంధన ఎవరూ మరచిపోకూడనిది. ఇది మన రాష్ట్రం దాకా ఎలా వచ్చిందో ముందు ముందు చూద్దాం.

1981లో చిలీ ఉమ్మడి పింఛను వ్యవస్థను ఎత్తేసి, ఎవరి జీతంలో కోసింది వారి ఖాతాలోనే వేసి, ఆ ఖాతాలను ప్రైవేటు కంపెనీల చేతుల్లో పెట్టింది. సైనికులకు, పోలీసులకు మాత్రం పాత పింఛనే కొనసాగింది. మార్కెట్ ఇచ్చే భరోసా అంత గట్టిదైతే, దానిని తుపాకీతో తెచ్చిన సైన్యమే దానికి ఎందుకు దూరంగా ఉండిపోయిందన్న ప్రశ్నకు ఇప్పటికీ జవాబు లేదు. మన దేశంలో 2004 జనవరి 1 నుంచి కేంద్ర కొలువుల్లో చేరినవారికి, అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉద్యోగులకు పాత పింఛను పోయి, జీతంలో కోసిన సొమ్మును మార్కెట్‌లో పెట్టే సీపీఎస్ వచ్చింది. సాయుధ దళాలను ఇక్కడా మినహాయించారు. సరిహద్దున నిలబడే జవానుకు ఆ పింఛను ఉండవలసిందే. దేవరకొండ తండాలో పాతికేళ్లు పాఠం చెప్పిన టీచరుకు, అచ్చంపేట ఆస్పత్రిలో రాత్రి డ్యూటీలు చేసిన నర్సుకు ఎందుకు ఉండకూడదన్నదే నా ప్రశ్న. సీపీఎస్ రద్దు కోసం మన ఉద్యోగులు ఏళ్ల తరబడి చేస్తున్న ధర్నాల మూలం శాంటియాగోలో ఉంది.

ఈ సిద్ధాంతానికి పెద్ద దిక్కుగా పేరుపొందిన ఫ్రెడ్రిక్ హయెక్ కూడా చిలీ వెళ్లాడు. 1981లో అక్కడి ఎల్ మెర్కూరియో పత్రికతో మాట్లాడుతూ, మార్కెట్ స్వేచ్ఛను గౌరవించని ప్రజాస్వామ్య ప్రభుత్వం కంటే ఆ స్వేచ్ఛను కాపాడే నియంతే తనకు మేలనిపిస్తాడని దాచుకోకుండా చెప్పాడు. ఇది పొరపాటున నోరు జారిన మాట కాదు. ఆస్తి హక్కు, ఒప్పందాల పవిత్రత, పెట్టుబడి రాకపోకలు ఓటుకు అందనంత ఎత్తున ఉండాలని నమ్మినవాడు చివరికి చేరవలసిన చోటికే ఆయన చేరాడు.

పెరూలో ఇది ఇంకా బాహాటంగా జరిగింది. 1990 ఎన్నికల్లో ఒక అభ్యర్థి ధరల మీద అదుపు ఎత్తేస్తానని, ఖర్చులు కోస్తానని ముందే చెప్పి ఓడిపోయాడు. అలాంటి పని చేయనని ఊరూరా చెప్పి గెలిచిన అల్బెర్తో ఫుజిమోరి ఆగస్టులో ఆ పనే చేశాడు. ప్రజలు కాదన్నదాన్ని వారి ఓటుతోనే అమలు చేసినవాడికి పార్లమెంటుతో ఎంతకాలం పొసగుతుంది? 1992 ఏప్రిల్ 5న ట్యాంకులు పంపి దానిని మూయించాడు. మరుసటి ఏడాది రష్యాలో సంస్కరణలకు అడ్డుపడుతున్న పార్లమెంటు భవనం మీద బోరిస్ యెల్ట్‌సిన్ ట్యాంకులతో గుండ్లు కురిపిస్తే పాశ్చాత్య ప్రభుత్వాలు ఆయన పక్షానే నిలిచాయి. సంస్కరణ ఆగితే కదా వారికి బాధ, పార్లమెంటు కూలితే ఏమి? ఆ శిథిలాల మీదే తర్వాత పుతిన్ లేచాడు. హంగరీలో 2008లో అంతర్జాతీయ ద్రవ్యనిధి అప్పు తెచ్చి పొదుపు చర్యలు అమలు చేసింది సోషలిస్టు ప్రభుత్వం. 2010లో మూడింట రెండు వంతుల మెజారిటీతో గద్దెనెక్కింది విక్టర్ ఓర్బాన్. విదేశీ బ్యాంకుల మీద, బ్రసెల్స్ పెత్తనం మీద నిప్పులు చెరిగిన అదే నాయకుడు కార్పొరేట్ పన్నును 9 శాతానికి దించి, 2018లో కార్మికుడితో ఏడాదికి 400 గంటల దాకా అదనపు పని చేయించుకునే చట్టం తెచ్చాడు. ప్రసంగం జాతిది, చట్టం యజమానిది.

ఎదురు వాదన ఒకటుంది. 1991 తర్వాతి సంస్కరణల వల్లే దేశంలో పేదరికం తగ్గిందని, హైదరాబాద్ పెరిగిందని, పాలమూరు పిల్లలు ఐటీ కొలువుల దాకా వెళ్లగలిగారని కొందరంటారు. ఎమర్జెన్సీ పెట్టింది సోషలిజం పేరు చెప్పిన ప్రభుత్వమే కదా అని, దిగుమతి సుంకాల గోడలు లేపుతున్న డొనాల్డ్ ట్రంప్ మార్కెట్ మనిషి ఎలా అవుతాడని అడుగుతారు. సంపద పెరిగిన మాట నిజమే. దానిని పంచుకునే హక్కు ఎవరి చేతిలో ఉందన్నది వేరే ప్రశ్న. ఎమర్జెన్సీ పెట్టిన మూడు నెలలకే, 1975 సెప్టెంబరులో, కార్మికుల కనీస బోనస్‌ను 8.33 శాతం నుంచి 4 శాతానికి తగ్గించారన్న సంగతి ఆ వాదన చేసేవారు గుర్తు చేసుకోవాలి. ట్రంప్ విషయానికొస్తే, 2017లో కార్పొరేట్ పన్నును 35 శాతం నుంచి 21 శాతానికి దించింది ఆయనే. 2025 మార్చిలో లక్షలాది ఫెడరల్ ఉద్యోగుల సంఘాలకు బేరమాడే హక్కును ఒక్క ఉత్తర్వుతో తీసేసిందీ ఆయనే. సరుకులకు గోడ కట్టాడు గానీ సొమ్ముకు కట్టలేదు.

ఇదంతా దూరదేశాల ముచ్చట అనుకోవడానికి వీలులేదు. మన దగ్గర 1990ల చివర ప్రపంచబ్యాంకు రుణంతో సంస్కరణలు మొదలైనప్పుడు ముఖ్యమంత్రిని సీఈఓ అని పిలవడం గొప్పగా ఉండేది. కంపెనీ సీఈఓ జవాబు చెప్పవలసింది వాటాదారులకు. ముఖ్యమంత్రి జవాబు చెప్పవలసింది ఓటర్లకు. ఆ తేడా ఎంతటిదో 2000 ఆగస్టు 28న తెలిసివచ్చింది. కరెంటు ఛార్జీల పెంపునకు వ్యతిరేకంగా వచ్చినవారి మీద బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపితే ముగ్గురు చనిపోయారు. నాగార్జునసాగర్ పక్కనే ఉన్నా బోరు బావుల మీదే బతికే నల్లగొండ మెట్ట రైతుకు, కృష్ణ పారుతున్నా తడి ఎరుగని పాలమూరు రైతుకు కరెంటు ధర పెరగడమంటే నీటి ధర పెరగడమే. 2004లో ఓటు ఆ ప్రభుత్వాన్ని దించేసింది. వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. ప్రజాస్వామ్యం పనిచేసిన సందర్భం అది, దానిని తక్కువ చేయకూడదు. కానీ అదే ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో జడ్చర్ల పక్కన పోలేపల్లి రైతుల భూమిని ఒక ప్రభుత్వం ఎకరాకు కొన్ని వేల రూపాయల చొప్పున ఇచ్చి తీసుకోవడం మొదలుపెడితే, దానిని మందుల కంపెనీల సెజ్‌గా మార్చి ముగించింది తర్వాతి ప్రభుత్వం. కడుపు మండిన రైతులు తామే నామినేషన్లు వేసి ఎన్నికల బరిలో నిలబడ్డారు. జెండా మారినా భూమి తిరిగి రాలేదు.

ఇప్పుడు తెలంగాణ ఆర్టీసీ సమ్మె దగ్గరికి వద్దాం. నా వాదనకు దీనిని మించిన రుజువు ఎక్కడా దొరకదు. 2019 అక్టోబరు 5న దాదాపు 48 వేల మంది ఆర్టీసీ కార్మికులు సమ్మెకు దిగారు. సంస్థను ప్రభుత్వంలో కలపాలన్నది వారి ముఖ్యమైన కోరిక. గడువులోగా విధుల్లో చేరనివారు తమంతట తామే ఉద్యోగం వదులుకున్నట్టని, తాము తీసేయలేదని, వారే సెల్ఫ్ డిస్మిస్ అయ్యారని ముఖ్యమంత్రి ప్రకటించారు. 1979 నాటి పినోచెట్ చట్టంలో రాసి ఉన్న సూత్రమే ఇది. చిలీ చట్టాన్ని ఇక్కడ ఎవరో చదివి తెచ్చారని నేననడం లేదు. ఒకే అవసరం ఒకే ఆయుధాన్ని తయారు చేసుకుంటుంది. సమ్మె హక్కును రద్దు చేస్తున్నామని చెప్పనవసరం లేకుండానే, సమ్మె చేసినవాడిని తన ఉద్యోగానికి తానే శత్రువని తేల్చడం ఆ ఆయుధం. నవంబరు 2న మంత్రివర్గం 5,100 బస్సు రూట్లను ప్రైవేటుకు ఇవ్వాలని నిర్ణయించింది. జీతాలు లేక ఇళ్లు గడవని ఆ రోజుల్లో కార్మికుల ప్రాణాలు పోయాయి. 52 రోజుల తర్వాత, ఏ కోరికా తీరకుండానే, సమ్మె ముగిసింది.

అసలు విషయం ఆ తర్వాత ఉంది. డిసెంబరు 1న ఒక్కో డిపో నుంచి కొందరు కార్మికులను ప్రగతి భవన్‌కు పిలిపించి, వారితో కలిసి భోజనం చేసి, ముఖ్యమంత్రి వరాలు ప్రకటించారు. ఆగిన జీతం ఇస్తామన్నారు, పదవీ విరమణ వయసు 58 నుంచి 60కి పెంచుతామన్నారు. సంఘాల నాయకులకు అక్కడ చోటు లేదు. యూనియన్ ఎన్నికలు రెండేళ్ల దాకా ఉండవన్నారు, వాటి బదులు డిపోల్లో సంక్షేమ కమిటీలు వేస్తామన్నారు. ఇచ్చినవి మంచివే, వాటిని అందుకున్న కండక్టరు సంతోషించడంలో తప్పు లేదు. కానీ యాభై రెండు రోజులు సంఘంగా నిలబడి అడిగితే రాని మేలు, సంఘం విరిగిపోయాక, ఒక్కొక్కరుగా వచ్చి కూర్చున్నాక, పాలకుడి చేతి మీదుగా వచ్చింది. హక్కుగా అడిగే దారి మూసేసి, దయగా పుచ్చుకునే దారి తెరవడం ఇది. నయా ఉదారవాదానికి కావలసింది ఆ మొదటి పని. నిరంకుశ నాయకుడికి కావలసింది రెండోది. రెండూ ఒకే చోట, ఒకే నెలలో, ఒకే మనిషి చేతుల మీదుగా జరిగినప్పుడు వాటి బంధం ఏమిటో వేరే సిద్ధాంతం చదివి తెలుసుకోవలసిన పని లేదు. చిలీ రాజధానిలో మెట్రో టికెట్టు 30 పెసోలు పెరిగిందని విద్యార్థులు మొదలుపెట్టిన తిరుగుబాటు లక్షలాది మందిని రోడ్ల మీదికి తెచ్చిందీ అదే 2019 అక్టోబరులోనే.

ఈ తీరు ఒక్క పార్టీకి అంటిన జబ్బయితే ప్రభుత్వం మారగానే పోవాలి. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది. 2024 నవంబరు 11న కొడంగల్ నియోజకవర్గంలోని లగచర్లలో, ఫార్మా పరిశ్రమల కోసం భూసేకరణ మీద అభిప్రాయాలు వినడానికి వెళ్లిన కలెక్టరు మీద దాడి జరిగింది. అధికారి మీద చేయి చేసుకోవడాన్ని ఎవరూ సమర్థించరు. దాని వెంట జరిగినదానినీ సమర్థించలేము. రాత్రికి రాత్రి ఊళ్ల మీద పడి గిరిజన రైతులను పట్టుకుపోయారు. జైల్లో గుండెనొప్పి వచ్చిన ఒక రైతును ఆస్పత్రికి బేడీలతో తీసుకువెళ్లారు. ఫార్మా ప్రతిపాదన వెనక్కి తీసుకున్నామని ప్రకటించిన కొద్ది రోజులకే పారిశ్రామిక కారిడార్ పేరిట భూసేకరణ మళ్లీ మొదలైంది. ఉమ్మడి పాలమూరులోని ఈ ప్రాంతం నుంచి గెలిచిన నాయకుడే రాష్ట్రానికి ముఖ్యమంత్రి. మన జిల్లా మనిషి గద్దె మీద ఉంటే మన భూమి నిలుస్తుందన్న ఆశ అక్కడ ఎందుకు నిలవలేదో ఆ ప్రాంత ఓటర్లు ఆలోచించాలి. మనిషిని మించిన బలం ఏదో ఆ కుర్చీని పట్టి ఉంది.

ఢిల్లీ సంగతులు పాఠకులకు కొత్తవి కావు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 2019 సెప్టెంబరులో కార్పొరేట్ పన్ను కోత ఆర్డినెన్సుతో వచ్చింది. 2020లో మూడు సాగు చట్టాలు కరోనా కాలంలో ఆర్డినెన్సులుగా వచ్చి, రాజ్యసభలో ఓట్లు లెక్కించకుండా మూజువాణి ఓటుతో గట్టెక్కాయి. ఆ వెంటనే, ప్రతిపక్షం సభలో లేని వేళ, మూడు కార్మిక కోడ్‌లు ఆమోదం పొందాయి. కంపెనీలు పార్టీలకు ఇచ్చే సొమ్మును గుట్టుగా ఉంచిన ఎన్నికల బాండ్లను 2017లో ద్రవ్య బిల్లుగా తెచ్చి రాజ్యసభకు అడ్డు చెప్పే వీలు లేకుండా చేశారు. సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న వాటిని కొట్టేసేదాకా అవి నడిచాయి. వీటిలో ప్రతిదాని వెనుక ఒక ఆర్థిక నిర్ణయం ఉంది, ప్రతి నిర్ణయం చర్చను దాటవేసి వచ్చింది. ఏడాదికి పైగా ఢిల్లీ సరిహద్దుల్లో కూర్చున్న రైతు సంఘాలు సాగు చట్టాలను వెనక్కి పంపగలిగాయి. కార్మిక కోడ్‌లను ఎవరూ ఆపలేకపోయారు. ఒక చోట సంఘం ఉంది, రెండో చోట అది అప్పటికే చెదిరిపోయింది.

సంఘం చెదిరిపోయిన మనిషి ఎలా ఉంటాడో పాలమూరుకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. నారాయణపేట, కోస్గి, మద్దూరు పల్లెల నుంచి ముంబై, పుణె, బెంగళూరు వెళ్లే కూలీని తీసుకుపోయేది గుంపు మేస్త్రి. పిల్ల పెళ్లికో, ఇంట్లో రోగానికో, ఎండిన బోరుకో అప్పు పడినప్పుడు అడ్వాన్సు చేతిలో పెట్టేది ఆయనే. పనికి కుదిర్చేది, కూలి పంచేది, లెక్క రాసేది, తగువు తీర్చేది కూడా ఆయనే. కట్టడం ఎవరిదో, అసలు యజమాని ఎవరో కూలీకి తెలియదు, తెలియనవసరం లేదన్నది ఆ పద్ధతిలోని కీలకం. కూలీకి కోపం వస్తే మేస్త్రి మీద రావాలి, ఆపద వస్తే మేస్త్రి కాళ్లే పట్టుకోవాలి. మేస్త్రి మంచివాడైతే బతుకు గడుస్తుంది, చెడ్డవాడైతే గడవదు. నియమం మాత్రం ఏదీ లేదు. నేటి బలమైన నాయకుడు దేశానికి అటువంటి మేస్త్రి. అసలు యజమాని కనపడకుండా మధ్యలో నిలబడి, భయాన్నీ భరోసానూ తన చేతి మీదుగానే పంచుతాడు. అటువంటి నాయకుడిని జనం ఎందుకు నమ్ముతారని పట్నంలో కూర్చుని ఆశ్చర్యపోయేవారు, అడ్వాన్సు ఇచ్చే మేస్త్రి తప్ప మరో దిక్కు లేని కూలీ ఇంట్లో ఒక వానాకాలం గడిపి చూడాలి. ఆ నమ్మకం తెలివితక్కువతనం కాదు. పట్టుకోవడానికి వేరే ఆసరా ఏదీ మిగల్చని చోట అది లెక్క తెలిసినవాడు చేసే పనే.

ఆ ఆసరాలను ఎలా తీసేస్తారో కార్మిక కోడ్‌లలో చూడవచ్చు. అంతకుముందే ఆమోదం పొందిన వేతన కోడ్‌తో కలిపి 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన నాలుగు కోడ్‌లు 29 పాత చట్టాలను మింగాయి. అందులో 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఒకటి. అయిదుగురు వలస కూలీలు ఉన్నచోట వర్తించే ఆ రక్షణ ఇప్పుడు పదిమంది ఉంటే తప్ప వర్తించదు. ఊరు వదిలి వచ్చినందుకు ఇవ్వవలసిన భత్యం పోయి ప్రయాణ ఖర్చు మాత్రం మిగిలింది. ప్రభుత్వ అనుమతి లేకుండా కార్మికులను తొలగించగల సంస్థల పరిధి వంద మంది నుంచి మూడు వందల మందికి పెరిగింది. ఏ పరిశ్రమలోనైనా ముందుగా నోటీసు ఇవ్వకుండా సమ్మె చేయకూడదు. పాత చట్టాన్ని మన కాంట్రాక్టర్లు ఏనాడూ సరిగా పాటించలేదన్నది నిజమే. అయినా కోర్టుకు పోతే చూపడానికి ఒక కాగితం ఉండేది.

ఇంటి దగ్గరే ఉండి సేద్యం చేసుకునేవాడి స్థితి దీనికంటే మెరుగని అనుకునేవారు గద్వాల నడిగడ్డకు వెళ్లి, కంపెనీల కోసం విత్తనం పండించే సీడ్ పత్తి చేలల్లో ఒక రోజు నిలబడాలి. కంపెనీకి, రైతుకు మధ్యవర్తిగా ఉండే ఆర్గనైజర్ ఫౌండేషన్ సీడు ఇస్తాడు, పెట్టుబడికి అప్పూ ఇస్తాడు. సాయంత్రం పూట మొగ్గల్లోని కేసరాలు ఒక్కొక్కటిగా గిల్లేసి, మరునాడు పొద్దున మగ పువ్వు తెంపి ఆ మొగ్గలకు పుప్పొడి అద్దాలి. క్రాసింగ్ అనే ఈ పని వారాల తరబడి సాగుతుంది. ఇంటిల్లిపాదీ వంగి చేస్తారు, బడి మాన్పించిన పిల్లలు కూడా చేస్తారు. విత్తనం కంపెనీకి చేరాక, దానిని మొలిపించి స్వచ్ఛత చూసే జీవోటీ పరీక్ష అంటారు. ఆ పరీక్ష ఎక్కడ చేస్తారో రైతు చూడడు, ఫలితం ఎప్పుడొస్తుందో తెలియదు. ఫెయిల్ అన్న మాట ఆర్గనైజర్ నోటి నుంచి వినడమే. అప్పటిదాకా తెచ్చిన అప్పు మీద వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. రైతుకు, కంపెనీకి మధ్య రాతకోతలు లేనప్పుడు ఎవరిని నిలదీయాలి? మార్కెట్ అంటే సమానులు స్వేచ్ఛగా కుదుర్చుకునే ఒప్పందమని పుస్తకాల్లో రాసినవారు ఈ చేలను చూసి ఉండరు. ఇక్కడ ఒక పక్షానికి కాగితం కూడా లేదు.

ఈ జిల్లాలకు మరో చరిత్ర ఉందన్నది మనం మరచిపోతున్నాం. నిజాం పాలనలో దేశ్‌ముఖ్‌ల వెట్టికి ఎదురు నిలిచింది ఏ ఒక్క వీరుడి బలమూ కాదు, నల్లగొండ పల్లెల్లో ఇంటింటా పెరిగిన సంగం. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగినప్పుడు ఆయన వెనుక ఊరంతా ఉంది. 1952లో జరిగిన మొదటి ఎన్నికల్లో నల్లగొండ ఓటర్లు రావి నారాయణరెడ్డికి నెహ్రూను మించిన ఓట్లు వేసి పంపింది కూడా ఆ కలసికట్టుతనం ఫలితమే. వెట్టి నుంచి బయటపడిన ఆ తరానికి పాలకుడి దయ మీద బతకడం అంటే ఏమిటో తెలుసు కాబట్టే అది సంఘాన్ని కట్టుకుంది. ఈనాటి పాలమూరుకు, నల్లగొండకు కావలసిన రాజకీయం అక్కడే ఉందని నేను గట్టిగా నమ్ముతాను. కొత్త మొనగాడిని వెతుక్కోవడం వల్ల ఒరిగేది ఏమీ లేదు.

అది పాత తరంతోనే పోలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిన నల్లగొండ ప్రజలు, శ్రీశైలం ఎడమగట్టు కాలువ నీళ్లు ఇవ్వాలంటూ జలసాధన సమితి పిలుపుతో నామినేషన్లు వేశారు. అభ్యర్థుల సంఖ్య 480కి చేరింది. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా వేయవలసి వచ్చింది. ఇంత శాంతియుతంగా, ఇంత ఘాటుగా తమ బాధను దేశానికి వినిపించిన జిల్లా మరొకటి లేదు. ఆ ఏడాదే చట్టాన్ని సవరించి లోక్‌సభ అభ్యర్థి ధరావతును 500 రూపాయల నుంచి 10 వేలకు పెంచారు. స్వతంత్రుడిగా పోటీ చేయాలంటే పదిమంది ప్రతిపాదించాలన్నారు. నల్లగొండ జనం అడిగిన ప్రశ్నకు నీళ్లు సమాధానం కావలసింది. వచ్చిన సమాధానం ధరావతు.

ఆ ఎడమగట్టు కాలువ నీటి కోసం తవ్వుతున్న ఎస్‌ఎల్‌బీసీ సొరంగమే 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర కూలింది. ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. వారు జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకశ్మీర్ నుంచి వచ్చినవారు. దేశంలోని ఆనకట్టలకు కూలీలను పంపిన పాలమూరు నేల మీద ఇప్పుడు వేరే రాష్ట్రాల పేదలు సొరంగం తవ్వుతున్నారు. నెలల తరబడి వెతికితే దొరికినవి రెండు మృతదేహాలు. లోపలి నీటి ఊట, వదులైన రాయి సంగతి తెలిసి కూడా పని ఎందుకు సాగించారని నిలదీయడానికి ఆ కార్మికులకు ఈ జిల్లాలో ఓటు లేదు, వారి తరఫున మాట్లాడే సంఘం లేదు. మన జిల్లా సంఘాలు నీటి గురించి అడిగినంత గట్టిగా వారి గురించి అడగలేదు.

కాబట్టి ఈ జిల్లాల్లో ఓటు అడగడానికి వచ్చే ప్రతి పార్టీ ముందు కొన్ని కోరికలు పెట్టాలి. సీడ్ పత్తి రైతుకు కంపెనీతో నేరుగా రాతపూర్వక ఒప్పందం ఉండాలి. జీవోటీ పరీక్ష రైతు ప్రతినిధి ఎదుట, కంపెనీతో సంబంధం లేని చోట జరగాలి. వలస వెళ్లే కూలీల వివరాలు, తీసుకువెళ్లే మేస్త్రి వివరాలు, అడ్వాన్సు లెక్క గ్రామ పంచాయతీ రిజిస్టరులో ఉండాలి. మన దగ్గరికి వచ్చే జార్ఖండ్ కూలీకీ అదే నియమం వర్తించాలి. భూసేకరణకు గ్రామసభ తీర్మానం లేకుండా ఒక్క సర్వే రాయి కూడా పాతకూడదు. ఏ సంస్థలోనైనా కార్మికులు రహస్య ఓటుతో ఎన్నుకున్న సంఘంతోనే యాజమాన్యం మాట్లాడాలి. ఇవి ఇస్తామని ఏ నాయకుడైనా సభలో చెబితే చప్పట్లు కొట్టి ఊరుకోకుండా, జీవో నంబరు ఏదని, అమలు తేదీ ఏదని, అమలు కాకపోతే ఏ కోర్టుకు వెళ్లవచ్చునని సంఘాల తరఫున అక్కడికక్కడే అడగాలి.